రెండు పెట్టెలు, ఒక మొలతాడు

"బాబూ ధర్మరాజూ, ఒక్క మాటయ్యా. పాస్టరుగారు పక్కన లేరు, అందుకని ఇప్పుడే చెబుతున్నాను" అంది ఫోనులో సుందరమ్మగారు, అంత ఏడుపులోనూ గొంతు తగ్గించి. "మొన్న సెలవుకొచ్చి ఎల్లేటప్పుడు మా వరం మొలకి నల్లతాడు కట్టేనయ్యా. బాప్తిస్మం తీసుకున్నోడికి ఇదేంటమ్మా అన్నాడు. యుద్ధం జరిగే చోటికి ఎల్తన్నావు, నా మనసు కోసం ఉండనీరా అని ఏడిస్తే ఊరుకున్నాడు. ఇప్పుడు పెట్టె తెరిస్తే అందరి కంటా పడిపోద్ది. నువ్వే ఎలాగోలా ముందే తీసెయ్యి బాబూ, నీకు పుణ్యముంటాది." అలాగేనండి అన్నాడు ధర్మరాజు. అలవాటు మరి. గోదావరి జిల్లావాడు తల తెచ్చిపెట్టమన్నా ముందు అలాగేనండి అనేసి, ఆనక ఎవరి తలండీ అని అడుగుతాడు. ఫోను పెట్టేశాక గాని ఆవిడ చెప్పిందేమిటో బుర్రకెక్కలేదు, ఎక్కగానే ఒళ్ళంతా చెమట పట్టింది. అప్పుడే వ్యాను సిద్ధాంతం వంతెన ఎక్కింది.

వెనక, ఫ్రీజరు చలిలో, రెండు పెట్టెలున్నాయి. ఒకదాని మీద హరిబాబు పేరు, ఇంకోదాని మీద వరప్రసాదం పేరు. హరిబాబుది ఉప్పలగుప్తం, వరప్రసాదానిది రాజోలు వైపు. ఎడారిలో ఏడు దేశాల ఉమ్మడి సైన్యానికి వండిపెట్టే వంటశాలలో పనిచేస్తూ, ఒకే డ్రోను దెబ్బకి, ఒకే ఉల్లిపాయల గుట్ట పక్కన ఇద్దరూ ముక్కలయ్యారు. వాళ్ళతోపాటు ఒకే గదిలో ఉండే ధర్మరాజు ఈ పెట్టెలతో విమానమెక్కి, హైదరాబాదులో దిగి, ఇక్కడిదాకా వచ్చాడు. అమలాపురంలో రెండు కుటుంబాలూ కాచుకుని ఉన్నాయి. అక్కడ పెట్టెలు విడిపోతాయి, ఒకటి చితి మీదికి, ఒకటి సమాధిలోకి. ఏది ఎవరిదో చెప్పినవాడు ధర్మరాజే. మొలతాడు చూసి చెప్పాడు. తాడున్నది హరి, మిగిలింది వరం అన్నాడు. ఇప్పుడు తల్లి ఫోను చేసి మా వాడికీ ఉందయ్యా అంటోంది. దొరికింది ఒకటే నడుము. ఆ నడుము ఎవరిదో ఈ భూమ్మీద ఎవరికీ తెలీదు.

మట్టిలో పెట్టిందైతే, తప్పని తేలితే తవ్వి తీయొచ్చు, నిప్పులో పెట్టిందాన్ని ఏం చేస్తాం, వంతెన కింద వశిష్ఠ పల్చగా పారుతోంది, ఇసక మేటల మీద ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు, బూడిదైపోయాక ఈ నీళ్ళలోనే కలుపుతారు, కలిపాక ఇందులో వరానిదేదండీ అని ఏ నీళ్ళని అడుగుతాం. పాదాలు చూస్తే తెలుస్తుందా అనుకున్నాడు ఒక క్షణం. హరి చెట్లెక్కేవాడు, అతని పాదాలు ఎవరి పాదాల్లోనూ కలవవు. కానీ పాదాలు బూట్లలో ఉన్నాయి, బూట్లు కరిగి అతుక్కుపోయాయి, అది కూడా అతను చూశాడు, చూడనిదేమీ మిగల్లేదు. చెప్పకపోతే ఏం పోయింది? రెండిళ్ళవాళ్ళూ ఏడుస్తారు, ఏడ్చి ఊరుకుంటారు, మూడో మనిషికి తెలీదు. రావులపాలెంలో అరటి గెలల లారీలు రోడ్డుకి అడ్డం పెట్టి గెలలు ఎక్కిస్తున్నారు. నాని హారను కొట్టాడు. వ్యాను డ్రైవరు నాని నలభై దాటిన మనిషి, శవాల్ని మోసీ మోసీ మాటలు పొదుపు చేసుకున్నవాడు. "టీ తాగుతారా అండీ?" అని అడిగాడు, దారంతా అతను మాట్లాడింది అదే.

టీ అనగానే ధర్మరాజు చేతులు ట్రే పట్టుకున్నట్టు ముందుకొచ్చాయి. వద్దండి అని చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. అక్కడ అతని పని అదే, కమాండర్ల గదిలో కాఫీ అందించడం. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినందుకు, ప్రతి మాట చివరా మన అండీ బదులు సర్ తగిలించడం నేర్చినందుకు వంటశాలలోంచి ఆ గదికి మార్చారు. చల్లటి గది, గోడకి ఏడు జెండాలు, బల్ల చుట్టూ ఏడు రకాల యూనిఫారాలు. అందరికీ పెద్ద ఒక ఎర్రముఖం జనరలు. ఇంకో దేశపు సన్నకళ్ళజోడు బ్రిగేడియరు అతని పక్కనే కూర్చుని ప్రతిదానికీ ఒక్క నిమిషం అంటాడు. ఉంగరాల కర్నలు అసలు మాట్లాడడు, ఉంగరాలు తిప్పుకుంటాడు. శత్రువు ఎక్కడో కొండల్లో ఉన్నాడు గాని, ఈ గదిలో ఒకళ్ళకొకళ్ళు ఎంత మర్యాదగా పళ్ళు కొరుక్కునేవారో రోజూ చూస్తూనే ఉన్నాడు. పొయ్యి ఎవరు వెలిగించాలన్న దగ్గరే ఉమ్మడి కాపురాలు చెడేది. ఆ రోజు గోడంత తెర మీద స్థావరం బొమ్మ ఉంది, బొమ్మ మూలనుంచి ఒక ఎర్రచుక్క బయల్దేరింది. కాల్చమంటారా అన్నాడు ఫిరంగి గది నుంచి ఎవరో. ఆగండి, మనదే కావచ్చు అన్నాడు కళ్ళజోడు. మనదంటే ఎవరిది, మీదా మాదా అన్నాడు జనరలు. ఫిరంగి ఒక దేశానిది, ఆకాశం మీద అధికారం ఇంకో దేశానిది, అది ఎగిరొస్తున్న నేల మూడోవాళ్ళది. మూడోవాళ్ళని అడగాలి, వాళ్ళ మనిషి ఫోను ఎత్తడం లేదు. పదిమందిలో పాము చావదంటారు మనవాళ్ళు, ఇక్కడ పాము ఎగురుతూ వస్తోంది, కర్రలేమో ఒక్కోటి కోట్లు ఖరీదు.

ధర్మరాజు ట్రే పట్టుకుని నిలబడే ఉన్నాడు. అది ఎక్కడికి పోతోంది అని అడిగాడు జనరలు. వంటశాల వెనక్కి, అక్కడ సైనికులెవరూ లేరు అన్నాడు కళ్ళజోడు. ఆ ఒక్క మాటకి గదిలో భుజాలన్నీ కొంచెం కిందికి దిగాయి. అది ధర్మరాజు కళ్ళారా చూశాడు, ఏడు జతల భుజాలు దిగడం. వంటశాల వెనక ఆ వేళప్పుడు ఎవరుంటారో అతనికి తెలుసు, పొద్దుటి ఎండ రాకముందు ఇద్దరూ అక్కడ నీడలో కూర్చుని ఉల్లిపాయలు వలుస్తారు, ఒకడు పాట పాడతాడు, ఒకడు తిడతాడు. ట్రే పట్టుకునే తలుపు దగ్గరికి పరిగెత్తాడు. కాపలా సైనికుడు తుపాకి అడ్డం పెట్టాడు, హెచ్చరిక ఉన్నంతసేపూ లోపలివాళ్ళు బయటికి పోకూడదు. సర్, మావాళ్ళున్నారు సర్, ప్లీజ్ సర్ అన్నాడు ధర్మరాజు. సైనికుడు తుపాకి మడమతో రొమ్ములో పొడిచాడు. ఇంకో దేశపు కుర్రాడు, గడ్డం సరిగా రాలేదు, వాడి కళ్ళలోనూ భయమే. కాలికింద నేల ఒక్కసారి పైకి లేచి కూర్చుంది. కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి, కాఫీ మాత్రం ఒలకలేదు, ఎంత అలవాటైన చేతులో చూడు. తెర మీద చుక్క ఆరిపోయింది. జనరలు లేచొచ్చి, తలుపు దగ్గరున్న ధర్మరాజు ట్రేలోంచి ఒక కప్పు తీసుకుని, థాంక్యూ రాజూ అన్నాడు.

థాంక్యూ. ఆ మాట చెవిలో తేలులా దూరి కూర్చుంది, నిద్రలో కుడుతుంది. ధర్మరాజు ఎవరినీ తిట్టని మనిషి, కుక్కని కూడా అవతలికెళ్ళమ్మా అనేవాడు. అలాంటివాడికి ఈ మధ్య కళ్ళు మూస్తే ఒకటే ఆలోచన. మరిగే నూనె డేగిసా రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఆ గదిలోకి వెళ్తాడు, కాపలావాడు తప్పుకుంటాడు, బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి నెత్తినా పోస్తాడు, చర్మం పొంగుతుంది, ఏడు భాషల్లో ఒకే కేక వేస్తారు, ఆ ఒక్క విషయంలో కుదురుతుంది వాళ్ళకి ఏకాభిప్రాయం. ఆ ఆలోచన రాగానే ఇదివరకు సిగ్గేసేది, ఇప్పుడు వేయడం లేదు. వ్యాను కొత్తపేట దాటింది. కుడివైపు కొబ్బరితోటలో ఎవరో దింపు తీస్తున్నారు, కాళ్ళకి బందం వేసుకుని మనిషి చెట్టు మొవ్వులో ఉన్నాడు, కాయలు నేలమీద ధబ్‌ ధబ్‌మని పడుతున్నాయి. ప్రతి చప్పుడుకీ ధర్మరాజు సీట్లో కిందికి వంగుతున్నాడు. కొబ్బరికాయరా, ఇది మన ఊరు, ఇది కొబ్బరికాయ అని చెప్పుకున్నాడు.

హరి కూడా దింపు తీసేవాడే. ఎడారిలో ఎక్కడానికి చెట్టు లేదని వచ్చిన కొత్తలో కాళ్ళు పీకుతున్నాయనేవాడు. ఒకసారి ఏడు జెండాల్లో ఒకదాని తాడు స్తంభం మీద ఇరుక్కుపోయి జెండా సగంలో వేలాడుతోంది, క్రేను రావాలని సైనికులు తలలెత్తి నిలబడ్డారు. హరి తువ్వాలు మెలిపెట్టి పాదాలకి బందం వేసుకుని చకచకా ఎక్కి తాడు విడదీసి దిగేశాడు, కమాండర్లు చప్పట్లు కొట్టారు. మర్నాడు నోటీసు వేశారు, వంటవాళ్ళు జెండా స్తంభాలు ఎక్కడం ఆ దేశానికి అవమానమట. నోటీసు చదివి అర్థం చెప్పింది వరప్రసాదం. టీచరు ట్రైనింగు అయ్యి, ఉద్యోగం రాక, ఉల్లిపాయలు వలవడానికొచ్చినవాడు. అందుకే మరి, నాకూ చెట్లెక్కడం వస్తే ఇలాంటి గౌరవాలు దక్కేవి అన్నాడు. హరి పళ్ళికిలించి, నీ మొలకి తాడే లేదు, నువ్వేం ఎక్కుతావురా అన్నాడు. దానికి వరం, పాస్టరుగారు కత్తిరించేశాక లుంగీ నిలవక నానా అవస్థా పడుతున్నానండీ బాబూ అని లుంగీ రెండు చేతులా పట్టుకుని గదంతా తిరిగాడు. ముగ్గురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆ తరవాత సెలవుకెళ్ళి తల్లి చేత తాడు కట్టించుకొచ్చినవాడు, ఆ మాట చెబితే మళ్ళీ ఎక్కడ నవ్వుతారోనని దాచుకున్నాడు గామోసు, చొక్కా విప్పకుండానే స్నానానికి పోయేవాడు.

వంటశాల వెనక గోడ లేదు. ఆ రోజు ధర్మరాజుని గదిలోంచి బయటికి వదిలేసరికి నూనె డబ్బాలు ఇంకా మండుతూనే ఉన్నాయి. కాలిన ఉల్లిపాయల వాసన, అది మామూలుగా ఆకలి పుట్టించే వాసన, దాని అడుగున ఇంకో వాసన. నేలంతా ఎర్రగా, ముందు టమాటాలనుకున్నాడు. ఒక చెయ్యి డేగిసా మూతకి అతుక్కుని ఉంది, వేళ్ళ మధ్య ఉల్లిపొట్టు. ఒక దవడ, పళ్ళతో, పక్కన ఏమీ లేకుండా. నోరారా పిలిచాడు, ఒరే హరీ, వరం, పలకండ్రా అని, దవడని చూస్తూనే పిలిచాడు. చేతి తొడుగులు వేసుకున్న సైనికులు వచ్చారు, వీళ్ళు నాలుగో దేశంవాళ్ళు, శవాల పని వాళ్ళ వాటాకి వచ్చిందట. రెండు సంచులు పరిచారు. రెండు పేర్లు, రెండు సంచులు, లెక్క సరిపోవాలి. వాళ్ళ కెప్టెను గడియారం చూసుకుంటూ, విమానానికి వేళవుతోంది, ఏది ఎవరిదో త్వరగా చెప్పమన్నాడు. ధర్మరాజుకి చెప్పక తప్పుతుందా, అడిగింది పెద్దమనిషి. కాలిన నడుము ఒకటి దొరికింది, దానికి మాంసంలోకి దిగిపోయిన నల్లతాడు. హిందూ సర్, దిస్ హరి సర్ అన్నాడు. కెప్టెను సంతోషించాడు, చాలా సాయం చేశావన్నాడు. మిగిలినవి అటొకటి ఇటొకటి వేశారు. ఆ దవడ ఏ సంచిలోకి వెళ్ళిందో ధర్మరాజు చూడలేదు, అప్పటికి వాంతి చేసుకుంటున్నాడు.

చావుకబురు చల్లగా అని, మర్నాడు జనరలు అందరినీ నిలబెట్టి మాట్లాడాడు, మనమంతా ఒకే కుటుంబం అన్నాడు. కుటుంబమంటే ఏమిటో అతని చేత సుందరమ్మగారికి చెప్పించాలి. కళ్ళజోడు బ్రిగేడియరు మాత్రం పక్కకి పిలిచి భుజం మీద చెయ్యేసి, ఆ గదిలో విన్నది గదిలోనే ఉండాలి రాజూ, ఉద్యోగం జాగ్రత్త అన్నాడు. ఎస్ సర్ అన్నాడు ధర్మరాజు. అలాగేనండి, ఎస్ సర్, ఆయ్, ఈ మూడు మాటలతో యాభై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. అంబాజీపేట వచ్చేసింది. కొబ్బరి పీచు లారీ వెనక వ్యాను నెమ్మదిగా పోతోంది. ఈ లారీ ఇలాగే ఉంటే బాగుణ్ణు, అమలాపురం రాకుండా ఉంటే బాగుణ్ణు. చెబితే సుందరమ్మగారి గుట్టు పదిమందిలో పడుతుంది, కాళ్ళు పట్టుకున్నట్టు అడిగిందావిడ, తీసెయ్యమని. చెప్పకపోతే ఆవిడ కన్న నడుముకి ఇంకొకరి అన్న కొరివి పెడతాడు, ఆవిడేమో ఇంకొకరి పాదాలని మట్టి చేసి, బతికినన్నాళ్ళూ ఆదివారం ఆదివారం వెళ్ళి పువ్వులు పెడుతుంది. లారీ పక్కకి తప్పుకుంది. నాని గేరు మార్చాడు, ధర్మరాజుకి వాడి చెయ్యి విరిచేయాలనిపించింది.

అమలాపురం ఎర్రవంతెన దగ్గర జనం రోడ్డు సగం ఆక్రమించారు. రెండు ఫ్లెక్సీలు కట్టారు. హరిబాబు ఫొటోకీ వరప్రసాదం ఫొటోకీ సైనిక దుస్తులు అతికించి, వెనక యుద్ధవిమానాలు పెట్టి, వీరజవానులకు జోహార్లు అని రాయించారు. ఏ సైన్యమో, ఏ దేశమో వేసినవాడికీ తెలీదు. ఉల్లిపాయలు వలిచిన చేతుల్లో తుపాకులున్నాయి. హరి అన్న కాశీవిశ్వనాథం తలస్నానం చేసి తడిపంచెతో నిలబడ్డాడు. పక్కన హరి భార్య సత్యదుర్గ, కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. అటువైపు సుందరమ్మగారు, తెల్లచీర, ఆవిడని ఆనుకుని పాస్టరు సత్యానందంగారు, బైబిలుతో. నాని దిగి వెనక తలుపులు తీశాడు, చల్లటి పొగ బయటికొచ్చింది. కాశీవిశ్వనాథం మనుషులు పెట్టె మీద చేతులు వేశారు.

"దించకండి" అన్నాడు ధర్మరాజు. ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి అరిచాడు, తన గొంతు తనకే కొత్తగా ఉంది. "దించకండి! ఏది ఎవరిదో తెలీదండి. నేను చెప్పింది తప్పండి."

"ఏంటండీ మీరనేది?" అన్నాడు కాశీవిశ్వనాథం.

ధర్మరాజు సుందరమ్మగారి వంక చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. అయినా చెప్పాడు. మొలతాడు చూసి హరి అన్నాను, వరప్రసాదానికీ ఉందట, నాకిప్పుడే తెలిసింది, దొరికింది ఒకటే నడుము, మిగతాది గంపగుత్తగా సర్దేశారు అన్నాడు. గది సంగతీ చెప్పాడు, చుక్క సంగతీ, వాళ్ళు నీదా నాదా అని వాదించుకున్న సంగతీ, సైనికులెవరూ లేరన్న మాటా. ఏమంటున్నావురా అంటూ కాశీవిశ్వనాథం మూతి మీద గుద్దాడు. పెదవి చీలి, పన్ను కదిలి, నోరంతా రక్తం నిండింది. ఉమ్మేసి ధర్మరాజు మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో దెబ్బకి కిందపడ్డాడు, పడే చెబుతున్నాడు. డొక్కలో ఎవరిదో కాలు దిగింది. ఇన్నాళ్ళూ మింగినదంతా రక్తంతో కలిసి బయటికొస్తోంది, ఆపాలన్నా ఆగడం లేదు. ఏళ్ళ తరబడి ఇంత ఊపిరి పీల్చినట్టు లేదతనికి.

"కొట్టకండి బావగారూ" అంది సత్యదుర్గ. గట్టిగా అనలేదు గాని కాళ్ళు ఆగాయి. పాస్టరుగారు సుందరమ్మగారి వైపు తిరిగి, "తాడేంటి సుందరమ్మా?" అన్నారు. ఆవిడ ఒక్క క్షణం తలొంచుకుంది, తరవాత ఎత్తింది. "నేనే కట్టేనండి. వాడు మళ్ళీ బతికొస్తానంటే ఇంకోటి కడతానండి, మీ ఎదురుగానే కడతాను." పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని, ధర్మరాజుని లేపి కూర్చోబెట్టారు.

సత్యదుర్గ వచ్చి అతని ముందు నేల మీద కూర్చుంది. "అన్నయ్యగారూ, ఆ పెట్టెలో మా ఆయన ఎంత ఉన్నాడండీ?"

"తెలీదమ్మా."

"ఈ పెట్టెలో?"

"తెలీదమ్మా."

"మరి ఎవరికి తెలుస్తాదండి?"

"పరీక్ష చేస్తే తెలుస్తాదమ్మా. వాళ్ళు చెయ్యలేదు. విమానానికి వేళైపోయిందన్నారు."

ఆమె తల ఊపింది, బజారులో ఫలానా సరుకు లేదంటే ఊపినట్టు. లేచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వ్యాను ఎక్కింది. ఆ చలిలో రెండు పెట్టెలకీ మధ్య ఇరుకు సందులో కూర్చుని, ఒక చెయ్యి ఇటు పెట్టె మీద, ఒక చెయ్యి అటు పెట్టె మీద వేసింది. "ఏదీ దిగదు. నిప్పూ లేదు, మట్టీ లేదు. పంపించినవాళ్ళొచ్చి ఎవరు ఎవరో మా కళ్ళముందు తేల్చేదాకా ఏదీ ఇక్కణ్ణించి కదలదు" అంది. తప్పమ్మా, శవం ఎదురుచూడకూడదు అని ఎవరో పెద్దాయన మొదలుపెట్టాడు. అప్పటికే సుందరమ్మగారు వ్యాను మెట్టు మీద కాలు పెట్టి చెయ్యి చాపింది, సత్యదుర్గ ఆ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. వెనక ఆగిపోయిన బస్సులు హారన్లు కొడుతున్నాయి, కలెక్టరాఫీసుకి ఎవరో ఫోను చేస్తున్నారు. ఈ గొడవ ఇప్పట్లో తేలేలా లేదని నాని ముందుకెళ్ళి, ఇంజను ఆపేద్దామని తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

"డ్రైవరుగారూ, ఇంజను ఆపకండి. ఫ్రీజరు ఆగిపోద్ది" అంది లోపలినుంచి సత్యదుర్గ.